జీఆర్‌ఈ స్కోర్‌సెలెక్ట్: రీటేక్ భయం పోగొడుతుంది, ఫ్రీ రిపోర్టుల దగ్గరే చిక్కు

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ రెండోసారి రాయాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, పాత స్కోరు యూనివర్సిటీ వాళ్ల కంట్లో పడుతుందన్న భయంతో మాత్రం ఆగిపోకండి. ఈ పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల స్కోర్‌సెలెక్ట్ ఉన్నదే అందుకు. గత ఐదేళ్లలో ఎన్నిసార్లు రాసినా మనం ఎంచుకున్న తేదీ స్కోరే వెళ్తుంది, ఇంకోసారి రాసినట్టు రిపోర్టులో గుర్తు కూడా ఉండదు. మా తమ్ముడి ఎంఎస్ అప్లికేషన్లప్పుడు ఇదంతా దగ్గరుండి చూశాను, చెప్పింది చెప్పినట్టే పనిచేసింది.

అందుకే పరీక్ష అయ్యాక స్కోరు రిపోర్ట్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా అని స్క్రీన్ మీద అడిగితే క్యాన్సిల్ జోలికి పోకండి. వాడు వెళ్లిన కన్సల్టెన్సీలో "సరిగ్గా రాయలేదనిపిస్తే క్యాన్సిల్ కొట్టెయ్" అని చెప్పి పంపారు, వినగానే ఒళ్లు మండింది నాకు. క్యాన్సిల్ చేస్తే మన స్కోరెంతో మనకే తెలియదు, మళ్లీ కావాలంటే 60 రోజుల్లోపు ఇంకో ఫీజు కట్టి తెప్పించుకోవాలి. మనం పంపని స్కోరు ఎలాగూ ఎవరికీ కనిపించదు, ఇంక దాన్ని చెరిపేసుకోవడం దేనికి? పైగా మొదటి క్వాంట్ (లెక్కల) సెక్షన్ బాగా చేస్తేనే రెండోది కష్టంగా ఇస్తారు కాబట్టి, చివర్లో చెమటలు పట్టినంత మాత్రాన పరీక్ష పోయినట్టు కాదు.

నాకు నచ్చనిది ఫ్రీ రిపోర్టుల పద్ధతి. పరీక్ష ఫీజులోనే నాలుగు యూనివర్సిటీలకి పంపుకోవచ్చు, కానీ అది ఆ రోజే తేల్చాలి. అప్పుడు ఉండేవి రెండే దార్లు, ఆ రోజు స్కోరు ఒక్కటే పంపడం, లేదా ఐదేళ్లవీ అన్నీ పంపడం. పాతవాటిలోంచి నచ్చింది ఏరుకునే 'ఎనీ' ఆప్షన్ ఆ తర్వాతే వస్తుంది, దానికి ఒక్కో యూనివర్సిటీకి విడిగా డబ్బు కట్టాలి. అంటే రీటేక్‌లో స్కోరు తగ్గినవాళ్లకి, అసలు ఈ వెసులుబాటు ఎక్కువ అవసరమైనవాళ్లకి, ఆ నాలుగు ఫ్రీ రిపోర్టులూ ఎందుకూ కొరగావు. సేఫ్, మోడరేట్, యాంబిషియస్ అని లిస్టు వేసుకుని ఎనిమిది పది చోట్ల అప్లై చేసే ఇంట్లో ఇది చిన్న ఖర్చేం కాదు. ఆ 'ఎనీ' పరీక్ష రోజే ఇస్తే వాళ్ల సొమ్మేం పోతుంది!

ఇంకోటి, ఎంచుకునేది తేదీనే, సెక్షన్‌ని కాదు. మొదటిసారి క్వాంట్ 160, వెర్బల్ (ఇంగ్లిష్) 152 వచ్చి, రెండోసారి క్వాంట్ 166, వెర్బల్ 148 వచ్చిందనుకోండి, మంచివి రెండూ కలిపి 318 అని ఈటీఎస్ పంపదు. 312 లేదా 314, రెండిట్లో ఒకటే. కంప్యూటర్ సైన్స్‌కి అయితే నేను ఆలోచించకుండా 166 ఉన్న తేదీనే పంపుతాను, వెర్బల్‌కి విలువిచ్చే కోర్సుకైతే మొదటిదే. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో తేదీ పంపే వీలుండటం దీంట్లో నాకు బాగా నచ్చిన విషయం. జీఆర్‌ఈ ఆప్షనల్ అన్న డిపార్ట్‌మెంటుకి తక్కువ స్కోరు అసలు పంపకపోయినా తప్పులేదు. అయితే కొన్ని అప్లికేషన్లలో రాసిన స్కోర్లన్నీ నింపమని అడుగుతారు, అక్కడ మాత్రం దాచకండి.

రీటేక్‌కి 21 రోజుల గ్యాప్ ఉండాలి, క్యాన్సిల్ చేసినా ఈ రూల్ వర్తిస్తుంది. ఏ 12 నెలల్లో చూసినా ఐదుసార్లకి మించి రాయనివ్వరు. అధికారిక స్కోరు రావడానికి 8 నుంచి 10 రోజులు. కాబట్టి డిసెంబర్ 15 డెడ్‌లైన్ ఉన్నవాళ్లు మొదటి పరీక్ష అక్టోబర్ దాటనివ్వకండి, నవంబర్ చివర్లో రెండోది పెట్టుకుంటే ఆ పదిహేను రోజులూ టెన్షనే. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలకి తగ్గింది కాబట్టి రెండోసారి కూర్చోవడం మునుపంత నరకం కాదు.

రిపోర్టులకి డబ్బు కట్టే ముందు ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీ చదవండి. చాలా చోట్ల అప్లికేషన్‌లో మనం నింపిన స్కోరుతోనే చూసి, అడ్మిట్ వచ్చాక అధికారిక రిపోర్టు అడుగుతారు. అలాంటి చోట సీటు ఖాయమయ్యాక, చేరేది అక్కడే అనుకున్నాక పంపితే చాలు.