గంటకు ఎంత పడుతుంది: శాన్ హోసే నుంచి లాస్ వేగాస్ దాకా పోకర్ గదులు

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో పేకాటకు అనుమతి ఉన్న గదులు రెండే. ఒకటి బే 101, రెండోది క్యాసినో మేట్రిక్స్. రెండూ విమానాశ్రయానికి దగ్గరలోనే ఉన్నాయి. కోవిడ్ వల్ల మూతపడిన నెలలు తీసేస్తే ఆరేళ్లుగా శుక్రవారం సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని వీటిలో ఏదో ఒకదానికి వెళ్లి, ఐదు గంటల పాటు నో లిమిట్ హోల్డెమ్ (పందానికి పరిమితి లేని పోకర్ ఆట) ఆడి, అర్ధరాత్రి లోపు ఇల్లు చేరడం నాకు అలవాటు. ఏడాదికి ఒకసారి లాస్ వేగాస్ వెళ్తాను. ఎన్ని గంటలు ఆడాను, ఎంత వచ్చింది, ఎంత పోయింది, పెట్రోలు, భోజనం, డీలర్లకు ఇచ్చిన టిప్పులతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇక్కడ చెబుతున్నది ఆ పుస్తకం ముందు పెట్టుకుని చెబుతున్నదే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. పోకర్‌లో మనం క్యాసినోతో ఆడము, చుట్టూ కూర్చున్న మిగిలిన ఎనిమిది మందితో ఆడతాము. క్యాసినో టేబుల్, డీలర్, ముక్కలు, కాపలా సమకూర్చి, ప్రతి ఆటకూ కొంత సొమ్ము తీసుకుంటుంది. దీన్నే రేక్ అంటారు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో అది పాట్‌లో, అంటే ఆ ఆటలో మధ్యన పోగైన పందెం సొమ్ములో, పది శాతానికి మించకూడదని నిబంధన ఉంది. చిన్న టేబుళ్లలో ఐదారు డాలర్ల దగ్గర ఆపేసి, జాక్‌పాట్ నిధి పేరుతో మరో డాలరో రెండో తీస్తారు. కాలిఫోర్నియాలో చట్టం వేరు. అక్కడ గది యజమాని పందెంలో వాటా తీసుకోకూడదు, ఆట మొదలు కాకముందే నిర్ణయించిన రుసుము మాత్రమే వసూలు చేయాలి. అందువల్ల పాట్ చిన్నదైనా పెద్దదైనా చాలా చోట్ల అదే మొత్తం పోతుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ లెక్క వేస్తే గుండె బరువెక్కుతుంది. మనిషి చేత్తో పంచే టేబుల్‌పై గంటకు ముప్పై ఆటలు నడవడమే ఎక్కువ. తొమ్మిది మందిలో నా వంతుకు గంటకు మూడు పాట్లు వచ్చాయనుకుంటే, ఒక్కో దాంట్లో రేక్ ఆరు డాలర్లు, డీలర్‌కు ఒక డాలరు, మొత్తం ఇరవై ఒక్క డాలర్లు. ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టవలసిన పందేలను బ్లైండ్లు అంటారు; 1-3 టేబుల్‌లో పెద్ద బ్లైండే మూడు డాలర్లు కాబట్టి గంటకు ఏడు బ్లైండ్లు కూర్చున్నందుకే కరిగిపోతున్నాయి. ఎదుటివారికంటే బాగా ఆడితే సరిపోదు, ఈ ఏడు బ్లైండ్లను దాటేంత బాగా ఆడాలి. నా పుస్తకం ప్రకారం మొదటి మూడేళ్లు నేను దాన్ని దాటలేదు. తర్వాతి మూడేళ్లు దాటాను గానీ, ప్రయాణాల ఖర్చు కలిపితే ఆరేళ్ల మొత్తం కొద్దిపాటి నష్టంతోనే ముగుస్తుంది. అందుకే ఏ గది గురించైనా నేను మొదట అడిగేది అలంకారం గురించి కాదు, అక్కడ గంటకు ఎంత పడుతుందన్నదే.

ఈ రుసుము గొడవ మన ప్రాంతానికి కొత్తది కాదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, 1967లో కోర్టు రెండు సంగతులు తేల్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నది అందరికీ తెలిసిన భాగం. సభ్యుల సౌకర్యాల కోసం క్లబ్బు కొద్దిపాటి రుసుము తీసుకున్నంత మాత్రాన అది జూదశాల అయిపోదన్నది రెండోది. అదే తీర్పు మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం ఖాతాలో వేసింది. తర్వాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కుర్చీ రుసుము ఎక్కడిదాకా సేవ, ఎక్కడి నుంచి దోపిడీ అన్న ప్రశ్న మాత్రం శాన్ హోసేలో కూర్చున్నా నన్ను వదలలేదు.

ఇక ప్రయాణానికి వస్తాను. హైదరాబాద్ నుంచి వచ్చి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్న స్నేహితుడితో కలిసి 2023 అక్టోబరులో ఐదు రాత్రుల కోసం లాస్ వేగాస్ వెళ్లాము. అక్టోబరును కావాలనే ఎంచుకున్నాము. జూన్, జూలై నెలల్లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ నడుస్తుంది. ఆ ఏడాది దాని ప్రధాన పోటీకి 10,043 మంది పది వేల డాలర్ల చొప్పున కట్టి ఆడారు. ఆ రోజుల్లో ఏ గదిలో చూసినా వేచి ఉండేవారి జాబితా చాంతాడంత ఉంటుంది. అక్టోబరు మధ్యవారాల్లో పది నిమిషాల్లో కుర్చీ దొరికింది.

మొదటి రెండు రాత్రులు పెద్ద క్యాసినోలన్నీ వరుసగా ఉండే ప్రధాన వీధి, స్ట్రిప్ మీద ఉన్న ఒక పెద్ద హోటల్లో దిగాము. గది ధర తక్కువగా కనిపించిందని సంబరపడితే, రాత్రికి యాభై డాలర్ల దాకా రిసార్ట్ ఫీజు, దానిపై పన్ను, కారుకు పార్కింగ్ కలిసి బిల్లు దాదాపు రెట్టింపయింది. నేను తెచ్చుకున్న పెరుగు డబ్బా పెట్టడానికి మినీబార్ ఫ్రిజ్‌లో రెండు సీసాలను పక్కకు జరిపాను. ఆ అరల్లో సెన్సర్లు ఉంటాయని, సీసా కదిపితే తాగినట్టే లెక్క రాస్తారని నాకు తెలియదు. తాళం అప్పగించే రోజు ఆ సొమ్ము తీసివేయించుకోవడానికి నలభై నిమిషాలు కౌంటర్ దగ్గర నిలబడవలసి వచ్చింది. వేగాస్‌కు కొత్తగా వెళ్లే మనవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక: ఫ్రిజ్ తలుపు తీయకండి, ఖాళీ ఫ్రిజ్ కావాలని ముందే అడగండి.

విన్ హోటల్ వారి పోకర్ గది, పక్కనే ఉన్న వారిదే అయిన ఎన్‌కోర్ హోటల్ వైపు ఉంది. ఆడేవారికి గౌరవం ఇచ్చే గది అంటే నాకు అదే గుర్తుకొస్తుంది. స్లాట్ యంత్రాల మోత లోపలికి పెద్దగా రాదు, కుర్చీలు ఆరు గంటలు కూర్చున్నా నడుము పట్టనివ్వవు, డీలర్లు ముక్కలు విసిరితే సరిగ్గా మన చిప్పుల ముందు వచ్చి ఆగుతాయి. ఒక డీలర్ పెద్దావిడ పంచడాన్ని నేను ఆట మరచి చూశాను. టేబుల్‌లో ఇమిడి ఉన్న యంత్రం ఒక కట్టను కలుపుతుండగా రెండో కట్టను ఆమె ఎడమచేతిలో పట్టుకుని, బొటనవేలు కదులుతోందా లేదా అన్నంత తేలికగా ముక్కలు జార్చేది. ఎవరి ముక్క అంచూ పైకి లేవలేదు, ఎవరి ముక్కా పక్కవాడికి కనిపించలేదు. మన ఇళ్లలో సంక్రాంతికి పేక పంచేటప్పుడు అడుగు ముక్క చూశావంటూ జరిగే తగాదాలు తెలిసినవారికి ఆ చేతి నేర్పు విలువ తెలుస్తుంది. అయితే అక్కడ ఎదుటివారి ఆట కూడా గట్టిది. 1-3 టేబుల్ అని తేలికగా తీసుకుంటే పొరపాటు.

బెల్లాజియో 1998లో తెరిచిన హోటల్. దాని పోకర్ గదికి చరిత్ర ఎక్కువ, చోటు తక్కువ. 1978 ప్రపంచ విజేత బాబీ బాల్డ్విన్ పేరుతో చాలా కాలం నడిచిన అద్దాల గది ఒక మూల ఉంటుంది. పేరు మారినా పెద్ద ఆటగాళ్ల మోజు పోలేదు. బయట టేబుళ్ల మధ్య నడవడానికే ఇబ్బంది, భుజాలు తగులుతుంటాయి. కానీ సెలవు మీద వచ్చి సరదాకు ఆడేవారు అక్కడ ఎక్కువ. నా పుస్తకంలో అక్కడ ఆడిన రెండు సాయంత్రాలూ లాభం కింద ఉన్నాయంటే కారణం నా ఆట మెరుగుపడటం కాదు.

మూడో రోజు మరో గదిలో జరిగినదానికి నేను ఇప్పటికీ బాధపడతాను. డీలర్‌కు ఎడమ పక్కనున్న ఒకటో కుర్చీలో కూర్చున్నాను. చేతికి ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు వచ్చాయి. టేబుల్ మధ్యలో అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో అప్పటికే మరో రెండు ఇస్పేట్లు పడి ఉన్నాయి, పాట్‌లో నా డబ్బు నూట నలభై డాలర్లు ఉంది. నేను ఎదుటివాడి చిప్పులు లెక్కపెడుతుండగా డీలర్, నా పక్కవాడు వదిలేసిన ముక్కలతో పాటు నా రెండు ముక్కలనూ ఊడ్చుకుని చెత్తముక్కల్లో కలిపేశాడు. ఫ్లోర్ పర్యవేక్షకుడు వచ్చి, ముక్కలను కాపాడుకోవలసిన బాధ్యత ఆడేవాడిదే, ఆట చచ్చినట్టే అన్నాడు. నియమం ప్రకారం ఆ తీర్పు సరైనదే. దాదాపు ప్రతి గదిలోనూ ఆ నియమం ఉంది. కానీ డీలర్ తప్పును ఒప్పుకుంటూ ఒక్క మాట కూడా అనలేదు, నా ముఖం వైపు కూడా చూడలేదు. ఆ రాత్రి నుంచి మా తాతయ్య దాచిన పాత ఇరవై పైసల ఇత్తడి నాణెం, తామరపువ్వు ఉన్నది, ముక్కల మీద పెట్టి ఆడుతున్నాను. తాతయ్య సాయంత్రాలు రచ్చబండ దగ్గర పేకాడేవారు. కొంగుముడిలోని డబ్బు తీసి ఆడినవాడితో మాట్లాడేవారు కాదు.

చివరి మూడు రాత్రులకు మేము స్ట్రిప్ వదిలి, ట్రోపికానా అవెన్యూలో పడమరగా ఉన్న ఆర్లియన్స్‌కు మారాము. ఈ హోటల్ 1996 నాటిది, గదుల్లో వయసు కనిపిస్తుంది, తివాచీలు పాతబడ్డాయి. కానీ పార్కింగ్ ఉచితం, గది విశాలం, భోజనం స్ట్రిప్ ధరలో సగం. పోకర్ గదికి వచ్చేవారిలో ఎక్కువమంది అక్కడే స్థిరపడిన విశ్రాంత ఉద్యోగులు. 4-8 పరిమితితో (పందెం నాలుగు, ఎనిమిది డాలర్లు మాత్రమే) ఒమాహా హై-లో అక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్న ఆట; అందులో నాలుగు ముక్కలు పంచుతారు, పెద్ద ముక్కలు కూర్చుకున్న చేతికి సగం, తగినంత చిన్న ముక్కల చెయ్యి ఉంటే దానికి సగం పాట్ వెళ్తుంది. నాకు రాని ఆట. పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ల పైబడిన పెద్దాయన నేను అడగకముందే, ఆట అయిపోయిన ప్రతిసారీ, చిన్న చేతిని ఎలా చదవాలో నా ముక్కలతోనే చూపించారు. ఆ టేబుల్‌లో నాలుగు గంటలకు ముప్పై ఎనిమిది డాలర్లు పోయాయి. ఆరేళ్లలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత నేర్చుకున్న సాయంత్రం మరొకటి లేదు.

బస గురించి ఇంకొక ఉపాయం ఉంది. పోకర్ గదికే నేరుగా ఫోన్ చేసి పోకర్ రేటు ఉందా అని అడగాలి. రోజుకు కొన్ని గంటలు ఆడతామంటే కొన్ని హోటళ్లు గది ధర తగ్గిస్తాయి. టేబుల్ దగ్గర కూర్చున్న వెంటనే ప్లేయర్స్ కార్డు గీయించుకుంటే గంటకు డాలరో రెండో భోజనం కింద జమ అవుతుంది. అయితే ఆ గంటలు పూర్తి చేయాలని నిద్రమత్తులో ఆడితే తగ్గింపు కంటే నష్టమే ఎక్కువవుతుంది. రెండో రాత్రి నా స్నేహితుడికి సరిగ్గా అదే జరిగింది.

అతనికి జరిగిన అసలు నష్టం మాత్రం పోకర్ టేబుల్ దగ్గర కాదు. గెలిచిన మూడు వందల అరవై డాలర్ల చిప్పులు మార్చుకోవడానికి కౌంటర్ వైపు నడుస్తూ దారిలో రూలెట్ అనే చక్రం ఆట దగ్గర ఆగాడు. అరగంటలో అవి పోయాయి, తర్వాత మరో ఐదు వందలు పోయాయి. పోకర్‌లో గెలిచే అవకాశం అంటూ ఒకటి ఉంటుంది. రూలెట్‌లో క్యాసినోదే పైచేయి, రెండు సున్నాల చక్రంలో వంద డాలర్లకు సగటున ఐదు డాలర్ల పైచిలుకు వాళ్లకే. అప్పటి నుంచి నేను గదిని చూసేటప్పుడు మరో సంగతి గమనిస్తున్నాను: పోకర్ గది నుంచి చిప్పులు మార్చే కౌంటర్‌కు, లిఫ్టుకు దారి ఎంత పొడవు, మధ్యలో ఏమేమి ఉన్నాయి? పోకర్ గది లోపలే నగదు కౌంటర్ ఉంటే అది నాకు మంచి కుర్చీ కంటే ముఖ్యం. ఆట చెయ్యి దాటుతోందని అనిపిస్తే అమెరికాలో 1-800-గాంబ్లర్ అనే ఉచిత సహాయ నంబరు ఉంది. మా టేబుళ్ల మీద దాని పేరు పలకడానికి ఎవరూ సిగ్గుపడకూడదని నేను మనసారా కోరుకుంటాను.

గోవా సంగతి చాలామంది అడుగుతుంటారు. 2024 జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు పణజిలో మాండవి నది మీదున్న ఓడల్లో ఒక రాత్రి ఆడాను. అక్కడి చట్టం ప్రకారం డీలర్ పంచే టేబుళ్లు నీటి మీద ఓడల్లోనే ఉండాలి, నేల మీది హోటళ్లలో యంత్రాలు మాత్రమే. ప్రవేశ రుసుములోనే భోజనం, పానీయాలు కలిసి ఉంటాయి, భోజనం నిజంగా బాగుంది. కానీ చిన్న పడవలో ఓడకు చేరడం, తిరిగి రావడానికి పడవ కోసం ఎదురుచూడటం వల్ల ఆడిన సమయం కంటే తిరిగిన సమయం ఎక్కువైంది. పైగా 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోలో చిప్పులకు కట్టే సొమ్ము మీదనే 28 శాతం జీఎస్టీ విధించారు, 2025 సెప్టెంబరులో అది 40 శాతమైంది. అప్పుడప్పుడు సరదాకు వెళ్లేవారి సంగతి వేరు. క్రమంగా ఆడేవారికి ఈ లెక్కలో నిలదొక్కుకునే దారి నాకు కనిపించడం లేదు.

అమెరికాలో కూడా పన్ను లెక్క మారింది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో పోగొట్టుకున్నదాంట్లో తొంభై శాతాన్నే గెలుపులోంచి తీసివేయనిస్తారు. ఏడాదిలో ఇరవై వేలు గెలిచి ఇరవై వేలూ పోగొట్టుకున్నవాడు చేతిలో పైసా మిగలకపోయినా రెండు వేల మీద పన్ను కట్టవలసి వస్తుంది. టేబుల్ దగ్గర దీని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. ఇందుకే నోటుపుస్తకంలో తేదీ, గది పేరు, కూర్చున్న సమయం, లేచిన సమయం రాయడం ఇప్పుడు మరింత అవసరమైంది.

వచ్చే ప్రయాణానికి స్ట్రిప్ మీద ఒక్క రాత్రి కూడా పెట్టుకోలేదు. ఆర్లియన్స్‌లో నాలుగు రాత్రులు, మధ్యాహ్నం ఒమాహా, సాయంత్రం ఒకే ఒకసారి విన్‌లో హోల్డెమ్, రాత్రి పదకొండుకు నిద్ర అనుకున్నాము. నా స్నేహితుడు ఈసారి చిప్పుల పెట్టెను నా చేతికే ఇస్తానన్నాడు, నగదు కౌంటర్ దాకా అతనితో నేనే నడుస్తాను.