నాన్న మాట కోసం ఆరు నెలలు: స్పీచ్ థెరపీకి ఐదు, స్కాన్ ప్యాకేజీకి సున్నా

మా నాన్న ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. నిరుడు స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యీ మాటా పోయాయి. మనం చెప్పేది అర్థమవుతుంది, బదులే రాదు. అఫేసియా అన్నారు. విజయవాడలో ఒక రీహాబ్ సెంటర్‌కి తిప్పాం. పేరు రాయను, కారణం కింద ఉంది.

థెరపిస్టు అమ్మాయికి ఐదుకి ఐదు. మొదటిరోజే అంకెలు చెప్పించింది. "నీళ్లు" అనలేని మనిషి ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పేశారు! ఏళ్ల తరబడి నోటికి నలిగిన మాటలు ఒక్కోసారి మిగిలే ఉంటాయట. మూడోవారం టిక్కెట్ల మిషను బొమ్మ చూపిస్తే "రైట్ రైట్" అన్నారు. అమ్మ బయటికెళ్లి ఏడ్చింది. ఆ తర్వాత థెరపిస్టు నాన్నతో ఎడం చేత్తో తాళం వేయిస్తూ "నీ...ళ్లు" అని రాగం తీయించడం మొదలెట్టింది. 1973లో అమెరికాలో వచ్చిన పద్ధతట.

తను విసుక్కోకుండా చెప్పేది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" అని తప్ప పలకలేని రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, మాట చోటు ఎడమవైపు ముందుభాగం అన్నాడు. ఆ మెదడు ఇంకా దాచి ఉంచారు. 2007లో దానికి ఎమ్మారై తీసిన ఫలితాలు వచ్చాయి, దెబ్బ లోపలున్న నరాల కట్టల దాకా పోయిందని తేలింది. "స్టాపు ఒక్కటే కాదంకుల్, రూటు కూడా పోయింది" అంది. బెంజి సర్కిల్లో బండ్లాగితే పటమటలో జామైనట్టు, దెబ్బ తగలని భాగాలు కూడా మందగిస్తాయట. నాన్న ఎడం చేత్తో గాల్లో పెద్ద చుట్టు గీసి చూపించారు. డైవర్షన్! ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఇక రిసెప్షన్ సంగతి. "బ్రెయిన్ కనెక్టివిటీ మ్యాప్" అనే స్కాన్ ప్యాకేజీకి 18,000 కట్టించుకున్నారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దారాల ప్రింటు ఇచ్చారు. ఆ దారాలంటే నరాల కట్టలట, కానీ అది వాటి ఫొటో కాదు, మెదడులో నీటి కదలికను కొలిచి కంప్యూటర్ గీసిన లెక్క. ఎవరు ఎంత కోలుకుంటారో తెలుసుకోడానికి పరిశోధకులకు పనికొస్తుంది, మంచిదే. దాన్ని చూసి నాన్న థెరపీలో ఏం మారుస్తారని అడిగితే థెరపిస్టు నేల చూసి "ఏం మారదండీ" అంది. సెషన్‌కి 600 లెక్కన ముప్పై సెషన్లు పోయినట్టే. అమ్మేవాళ్లు ఈ ముక్క ముందే చెప్పాలిగా?

లిఫ్టు చిన్నది, వీల్‌చెయిర్ అడ్డంగా పట్టదు.

ఇప్పుడు ఇంట్లోనే రోజూ గంట చేయిస్తున్నాం. నీళ్లు, కాఫీ, చాలు వచ్చాయి. మా పెద్దోడి పేరు ఇంకా రాలేదు, వాణ్ణి "టికెట్" అని పిలుస్తున్నారు. వాడు పలుకుతున్నాడు.