హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్: మాట్లాడని బొమ్మలే మేలు

ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో లిబర్టీ స్క్వేర్ వైపు వెళ్తే 1787 అని రాసి ఉన్న ఎర్ర ఇటుకల భవనం కనిపిస్తుంది. అది కట్టిన ఏడాది కాదు, అమెరికా రాజ్యాంగం రాసిన ఏడాది. యంత్రాలతో కదిలే అమెరికా అధ్యక్షుల బొమ్మల షో, హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్, నడిచేది ఈ భవనంలోనే. హాల్ తెరిచింది పార్కుతో పాటే, 1971 అక్టోబర్ 1న. పార్కు టికెట్ ఉంటే చాలు, విడిగా ఏమీ కట్టక్కర్లేదు. ఎత్తు నిబంధన లేదు, కుదుపులు లేవు, చల్లటి ఏసీలో ఇరవై నిమిషాలకు పైగా కూర్చోవచ్చు. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మధ్యాహ్నం ఎండకు ఎక్కడ కూర్చోబెట్టాలా అని వెతికే మనవాళ్లకు బాగా పనికొచ్చే చోటు. నిద్రకు మాత్రమే వాడుకుంటే మాత్రం నష్టం.

ముందు సినిమా వస్తుంది. మధ్యలో లింకన్ బొమ్మ లేచి, అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం ఆయన చేసిన గెటిస్‌బర్గ్ ప్రసంగం చేస్తుంది. ఆఖరున తెర తొలిగితే అధ్యక్షులందరూ ఒకే వేదిక మీద ఉంటారు. పేరు పిలవగానే వెలుగు ఆ మనిషి మీద పడుతుంది, ఆయన తల వంచుతాడు. చూడాల్సింది అప్పుడు పిలుపు అందనివాళ్లని. ఒకరు పక్కాయన వైపు ఒరుగుతారు, ఇంకొకరు కూర్చున్నచోటే అటూ ఇటూ కదులుతారు. నడవలేని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాళ్లకు ఆయన వాడిన ఇనుప పట్టీలు కూడా పెట్టారు. ఈ మూగ కదలికలే ఈ షోకి ప్రాణం.

మొదట్లో 36 బొమ్మలు. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ 37వ ఆయన కదా, ఒకటి ఎందుకు తగ్గింది? గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒకసారి దిగిపోయి మళ్లీ గెలిచారు కాబట్టి వరసలో రెండుసార్లు వస్తారు, బొమ్మ మాత్రం ఒక్కటే. ఇప్పుడు ట్రంప్‌ది కూడా అదే లెక్క: 45, 47.

తొలి ఇరవై ఏళ్లకు పైగా మాట్లాడింది లింకన్ ఒక్కరే, నటుడు రాయల్ డానో గొంతుతో. ఫోర్డ్, కార్టర్, రీగన్, పెద్ద బుష్ వచ్చినప్పుడు వేదిక మీద ఒక మనిషి పెరిగాడు, అంతే. 1993లో రెండు మార్పులు కలిసి వచ్చాయి. చరిత్రకారుడు ఎరిక్ ఫోనర్ పట్టుబట్టడంతో కథనంలో బానిసత్వానికి దక్కాల్సిన చోటు దక్కింది, వ్యాఖ్యానం కవయిత్రి మాయా ఏంజెలోది. ఇది ఎప్పుడో జరగాల్సిన పని. రెండోది, క్లింటన్ బొమ్మ చేత మాట్లాడించారు. చిక్కంతా ఇక్కడ మొదలైంది.

అప్పటి నుంచి అధ్యక్షుడి కుర్చీలో మనిషి మారితే బొమ్మ ఒక్కటి చాలదు. ప్రసంగం రాయాలి, ఆయనతోనే చదివించి రికార్డు చేయాలి, దానికి పెదవులు కుదర్చాలి, పాత అధ్యక్షుణ్ణి మధ్యలోంచి పక్కకు జరపాలి. 2009లో నటుడు మోర్గాన్ ఫ్రీమన్ వ్యాఖ్యానంతో షో అంతా మారింది, వాషింగ్టన్‌కు కూడా గొంతు వచ్చింది, ఒబామా వైట్ హౌస్‌లో రికార్డు చేసిన పదవీ ప్రమాణం వినిపించారు. 2017 జనవరిలో మూసిన తలుపులు ట్రంప్ బొమ్మతో డిసెంబర్ 19న గానీ తెరుచుకోలేదు. బైడెన్ బొమ్మ 2021 ఆగస్టుకు వచ్చింది. నిమిషం పాటి మాటల కోసం నెలల తరబడి మూత! పైగా ఆ నిమిషంలో సగం హాలు చప్పట్లు కొడితే మిగతా సగం గొణుగుతుంది. లింకన్ మాటల తర్వాత కుదిరిన నిశ్శబ్దం అక్కడితో చెదిరిపోతుంది.

ఇక బొమ్మల పనితనం. జార్జ్ డబ్ల్యూ బుష్ దాకా ముఖాలు చెక్కింది డిస్నీ శిల్పి బ్లెయిన్ గిబ్సన్. పాత పద్ధతి బొమ్మల్లో కుర్చీలోంచి లేవడం లాంటి బరువు పనులకు నూనె ఒత్తిడి, చిన్న కదలికలకు గాలి ఒత్తిడి వాడతారు. నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లు అరిగితే అది కారి బట్టలకు మరకలు పడతాయి. ఎక్కువగా సాగే చోట, అంటే పెదవుల చివర, కనురెప్పల దగ్గర, చర్మం ముందు దెబ్బతింటుంది. బొమ్మ బాగుందో లేదో తేల్చడానికి ఒక కిటుకు ఉంది: ప, బ, మ పలికేటప్పుడు పెదవులు పూర్తిగా కలుస్తున్నాయా చూడండి. అర అంగుళం తెరిచి ఉన్నా గొంతు వేరే ఎక్కడి నుంచో వస్తున్నట్టు తెలిసిపోతుంది. తోలుబొమ్మలాటలో బొమ్మ తడబడితే ఆడించేవాడు పాటతో సర్దేస్తాడు. ఇక్కడ ఆ వీలు లేదు, మాట ముందే రికార్డయిపోయింది.

కూర్చునే చోటు ముఖ్యం. తలుపులు తెరవగానే దూరిపోతే వరస చివరిదాకా జరగమంటారు, మెడ తిప్పుకుని చూడాల్సి వస్తుంది. కాస్త ఆగి, గుంపు మధ్యలో లోపలికి వెళ్లండి. సగానికి కొంచెం వెనక, నడిమి కుర్చీలు మంచివి. వేదిక వెడల్పు ఎక్కువ, ముందు వరసలోంచి ఒక చూపుకు అందదు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు దిగనక్కర్లేదు. మాటలన్నీ ఇంగ్లిష్, అందులోనూ కొంత పాతకాలపు ఇంగ్లిష్. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు లింకన్ ఎవరో, అంతర్యుద్ధం ఎందుకు జరిగిందో బయట వరండాలో రెండు ముక్కలు చెప్పి తీసుకెళ్లండి. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన ఏడాది వెళ్తుంటే, తెరిచి ఉందో లేదో పార్కు యాప్‌లో చూసుకున్నాకే ఆ వైపు నడవండి.