నేపాల్‌లో పిల్లల ఆశ్రమానికి సేవకని బయల్దేరితే: విజయవాడ నుంచి ఏర్పాట్లు, ప్రయాణం, బస

ముందు డబ్బు సంగతే చెప్తాను. గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేసేవాణ్ణి, ఏ కాగితం చూసినా కన్ను అంకెల మీదే పడుతుంది. ఖాట్మండులో అనాథ పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి రావాలని నేనూ, గుంటూరు లక్ష్మీపురంలో లెక్కల ట్యూషన్లు చెప్పే మా పెద్దమ్మ కూతురూ అనుకున్నాం. నెట్‌లో మొదట కనబడిన ఏజెన్సీకి వాట్సాప్ చేశాం. పావుగంటలో జవాబొచ్చింది. వారానికి ఇంత అని డాలర్లలో ఫీజు, ఎయిర్‌పోర్ట్ పికప్, బస, రెండు పూటలా భోజనం, చివర్లో కావాలంటే చిత్వన్‌లో సఫారీ. పిల్లల ఫొటోలు పేర్లతో సహా పంపేశారు. మేమెవరం, ఏం పని వచ్చు, మా మీద కేసులేమైనా ఉన్నాయా అని ఒక్క ప్రశ్న లేదు. "ఈ ఫీజులో ఆశ్రమానికి చేరేది ఎంతండీ?" అని అడిగితే మాత్రం నోరు మెదపలేదు. మళ్లీ మళ్లీ అడిగాక వచ్చిన జవాబు: "పికప్ ఫ్రీ సార్."

మధ్యలో ఎవరూ వద్దనుకుని తర్వాత నేరుగా ఒక ఆశ్రమానికే ఫోన్ చేశాం. మేనేజర్ మంచి హిందీలో, చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. నోటుపుస్తకాలు, చాక్లెట్లు తెమ్మన్నాడు. "కావాలంటే ఒక రోజు నలుగురైదుగుర్ని బయటికి తీసుకెళ్లి తిప్పండి, పిల్లలు సంతోషిస్తారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక అక్క అన్న మాట: "ఒరేయ్, మన ట్యూషన్‌కి వచ్చే పిల్లని తెలియనివాళ్లు ఒక గంట బయటికి పంపమంటే పంపుతానా నేను?" ఆ దారి అక్కడితో మూసుకుంది.

నా కళ్లు బాగా తెరిపించింది మాత్రం బెంజ్ సర్కిల్ దగ్గర మోమోల బండి పెట్టుకున్న నేపాలీ కుర్రాడు. ఊరు దైలేఖ్. విజయవాడ వచ్చి చాలా కాలమైంది, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఆశ్రమం మాట ఎత్తగానే ప్లేటు తుడుస్తున్న చెయ్యి ఆపి అడిగాడు: "అనాథలని ఎవరు చెప్పారన్నా? మా ఊళ్లో ఇద్దర్ని తీసుకెళ్లారు. ఖాట్మండులో బోర్డింగ్ స్కూలు అన్నారు. వాళ్లమ్మ గాజులు అమ్మి డబ్బు కట్టింది. ఆమె ఇప్పటికీ బతికే ఉంది." తర్వాత ఇంకో ప్లేటు వేసుకుంటారా అని అడిగాడు. నాకు సహించలేదు.

అతను చెప్పింది ఒక్క ఇంటి కథ కాదని తర్వాత చదివితే తెలిసింది. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో సాగిన మావోయిస్టు యుద్ధకాలంలో హుమ్లా, జుమ్లా లాంటి కొండ జిల్లాల్లో బ్రోకర్లు తిరిగారు. చదువు చెప్పిస్తామని, పిల్లలు క్షేమంగా ఉంటారని చెప్పి తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని మరీ పిల్లల్ని తీసుకెళ్లారు. కొందరికి తల్లిదండ్రులు చనిపోయినట్టు దొంగ కాగితాలు పుట్టించారు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారు. పేదరికం కొండల్లో ఉంటే ఆశ్రమాల్లో ఎక్కువ భాగం ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్ జిల్లాల్లోనే ఉండటం చూస్తే ఇంకేం చెప్పాలి! టూరిస్టు ఎక్కడికొస్తాడో ఆశ్రమం కూడా అక్కడే. కంబోడియా వెళ్దామా అని కూడా ఒక దశలో అనుకున్నాం. అక్కడ 2005 నుంచి 2010 మధ్య ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఐదేళ్లలో అనాథలు అంతమంది పెరగరు కదా, పెరిగింది విదేశీ సందర్శకులూ వాళ్ల విరాళాలూ. దాంతో ఆ ఆలోచనా పోయింది.

చివరికి మేం వెళ్లింది లలిత్‌పూర్‌లో ఆఫీసున్న ఒక చిన్న సంస్థకి. పిల్లల్ని ఆశ్రమాల నుంచి వెనక్కి తెచ్చి, ఊరు వెతికి, ఇంట్లోవాళ్లకు అప్పగించడం వాళ్ల పని. మమ్మల్ని తిప్పలు పెట్టింది కూడా వీళ్లే. వీడియోలో ఇంటర్వ్యూ, మా గురించి చెప్పగలిగేవాళ్ల వివరాలు, పోలీసు వెరిఫికేషన్, పిల్లల రక్షణ నియమాల మీద సంతకం: ఒంటరిగా పిల్లలతో ఉండకూడదు, ఫొటోలు తీయకూడదు, నేరుగా బహుమతులివ్వకూడదు. అన్నీ అయ్యాక "పిల్లల దగ్గరికి వాలంటీర్లను పంపం" అన్నారు. అక్క మొహం చిన్నబోయింది. వాళ్లు అదేమీ పట్టించుకోకుండా నన్ను "టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చా?" అని అడిగారు. అప్పుడే నాకు వీళ్ల మీద గురి కుదిరింది.

పోలీసు కాగితం గురించి ఒక మాట. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ ఉద్యోగానికో, ఎక్కువ కాలం ఉండే వీసాకో వెళ్లేవాళ్ల కోసం. టూరిస్టుగా వెళ్తే ఇవ్వరు. కాబట్టి లోకల్ పోలీసుల నుంచే తెచ్చుకోవాలి. నాది విజయవాడ కమిషనరేట్ నుంచి, అక్కది గుంటూరు ఎస్పీ ఆఫీసు నుంచి వచ్చాయి. టైం పడుతుంది, టికెట్ల కంటే ముందు దీని పని చూసుకోవడం మంచిది. టీకాల సంగతి డాక్టర్‌ని అడిగితే టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, టెటనస్ చూసుకోమన్నారు.

మనకు నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టు గానీ ఎలక్షన్ కమిషన్ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చూపిస్తే 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లని ఎక్కనివ్వరు. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి ఖాట్మండు సులువైన దారి. చవక దారి రైలు: గోరఖ్‌పూర్ వెళ్లే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ మీదుగానే పోతుంది, కానీ రోజూ ఉండదు. గోరఖ్‌పూర్ నుంచి సునౌలీ సరిహద్దుకి బస్సు, కమాను కింద నుంచి నడిచి దాటితే నేపాల్. పోయేటప్పుడు ఇలా వెళ్లి వచ్చేటప్పుడు విమానం ఎక్కాం. రైలు బాగానే గడిచింది. సరిహద్దు దాటగానే వచ్చే భైరహవా నుంచి ఖాట్మండు బస్సే నడుం విరగ్గొట్టింది. తవ్విన రోడ్లు, దుమ్ము, పైన కొండ, కింద త్రిశూలి నది. 2024 జూలైలో కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ఆ నదిలోకే కొట్టుకుపోయాయి. వర్షాకాలంలో, అందులోనూ రాత్రి బస్సు వద్దే వద్దు. అక్కడ మిగిల్చే డబ్బు ఆ టెన్షన్‌కి సరిపోదు.

బస విషయంలో అందరూ థమెల్ అంటారు, ఖాట్మండులో టూరిస్టుల పేట అది. మొదట మేమూ అక్కడే దిగాం. గదులు చవక, అన్నీ కాలి దూరంలో దొరుకుతాయి, కానీ అర్ధరాత్రి దాకా బార్ల పాటలు. రోడ్డు మీద అడుగు పెడితే ట్రెక్కింగ్ కావాలా, శాలువా కావాలా అని వెంటపడతారు. పొద్దున్నే పనికి పోవాల్సినవాళ్లకు ఆ చోటు కుదరదు. బౌద్ధ అనే పేటలో స్తూపం పక్క గెస్ట్‌హౌస్‌లు ప్రశాంతంగా ఉంటాయి, తెల్లవారుజామున ప్రదక్షిణ చేసేవాళ్లను చూస్తూ టీ తాగొచ్చు, అయితే ఆఫీసుకి దూరం. పాటన్‌కి (లలిత్‌పూర్‌కే ఇంకో పేరు) మారాక ప్రాణం లేచొచ్చింది. దర్బార్ చౌక్ వెనక సందులో ఇంటివాళ్లే నడిపే గెస్ట్‌హౌస్. వేడినీళ్లు సోలార్‌వి, మబ్బు పడితే లేవు. హీటర్ లేదు, రెండేసి రజాయిలిచ్చారు. ఇంటావిడ అక్కని "దీదీ" అంటూ వంటింట్లోకి లాక్కెళ్లేది. సేవా సంస్థల ఆఫీసులు చాలావరకు పాటన్ చుట్టుపక్కలే ఉంటాయి, నడిచి పోవచ్చు.

తిండికి తెలుగువాళ్లు బెంగపడక్కర్లేదు. దాల్‌భాత్ అంటే అన్నం, పప్పు, కూర, పచ్చడి, అడిగినంత మారు వడ్డిస్తారు. ఆవనూనె వాసన మాత్రం రెండు మూడు పూటలు ఇబ్బంది పెడుతుంది. అక్క తెచ్చిన గుంటూరు కారప్పొడి ఇంటావిడ సీసాలో పోసి దాచుకుంది.

మన వంద రూపాయలు నేపాలీ 160. 1993 నుంచి అదే రేటు, కాబట్టి బజార్లో ఎవరైనా తక్కువిస్తే మోసమని అక్కడికక్కడే తెలిసిపోతుంది. 2024 నుంచి ఫోన్‌పే-నేపాల్ క్యూఆర్ ఉన్న దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తోంది (మన ఫోన్‌పే కాదు, పేరొకటే వేరే కంపెనీ). టీకొట్లలో మాత్రం నోట్లే, అందుకని వంద నోట్లు ఎక్కువ పెట్టుకోవాలి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోవాలి, ఫోన్ దానంతటదే మారుతుంది.

ఇక పని. నా ముందు పెట్టింది అట్టపెట్టె నిండా వోచర్లు. పిల్లల ఇళ్లు వెతకడానికి పోయిన జీపు బాడుగలు, కొండ దారిలో టీ బిల్లులు, ఒక తల్లికి మేక కొనిచ్చిన రసీదు. అన్నిటి మీదా విక్రమ శకం తేదీలు, దేవనాగరి అంకెలు. వాళ్ల సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే 56, 57 ఏళ్లు ముందుంటుంది. మనకి చైత్రంతో ఏడాది మొదలైతే వాళ్లకి చైత్రంతో ముగుస్తుంది, లెక్కల సంవత్సరమేమో శ్రావణంలో మొదలు. పాత విరాళాలు ఇంగ్లీషు తేదీల్లో, ఖర్చులు నేపాలీ తేదీల్లో ఉండటంతో రెండూ ఎక్కడా కలవలేదు. వాటిని ఒక దారిలో పెట్టి, అక్కడి అకౌంటెంట్ అమ్మాయికి నేర్పించడమే నా సేవ. అక్క సాయంత్రం తరగతులు చెప్పే టీచర్లకు భిన్నాలు ఎలా చెప్పాలో చూపించింది. చాక్లెట్లు పంచే అవకాశం రాలేదని మొదట్లో సణిగినా, ఒక టీచర్ మర్నాడే చపాతీ కోసి చూపిస్తూ పాఠం చెప్పడం చూశాక సణుగుడు ఆగింది.

నిజం చెప్పాలంటే నా పనిలో సగం గవర్నర్‌పేట నుంచే చేయొచ్చు, ఇప్పుడు చేస్తున్నది కూడా అలాగే. వోచర్లు ఫొటోలు తీసి పంపుతారు. వారం రోజుల సెలవే ఉన్నవాళ్లు అంత దూరం పోవడం దండగ. పిల్లల కోసమే ఏదైనా చేయాలనుంటే విజయవాడ జంక్షన్లో ఇంటి నుంచి వచ్చేసిన పిల్లలు రోజూ దిగుతూనే ఉంటారు. నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు 1989 నుంచి ఆ పిల్లల కోసం పనిచేస్తున్నాయి. ఇబ్బందిలో ఉన్నాడనిపించే పిల్లవాడు కనిపిస్తే పిలవాల్సిన నంబరు మనకీ నేపాల్‌కీ ఒకటే, 1098.

వెళ్లేవాళ్లు తేదీలు చూసుకోండి. మన దసరా సెలవులు కలిసొస్తాయని చాలామంది అప్పుడు పెట్టుకుంటారు. సరిగ్గా అదే సమయానికి వాళ్ల దశైఁ పండుగ. ఆఫీసులు మూతపడతాయి, ఊరంతా ఊళ్లకు పోతుంది, బస్సు టికెట్లు దొరకవు. మేం పనిచేసిన సంస్థ కూడా ఆ రోజుల్లో పిల్లల్ని వాళ్ల వాళ్ల ఇళ్లకు పంపేస్తుంది. దశైఁలో కూడా పిల్లలతో నిండుగా ఉండి, వాలంటీర్లకు రమ్మని డిస్కౌంట్ ఇస్తున్న ఆశ్రమం కనిపిస్తే, ఆ పిల్లలు ఇంటికెందుకు పోలేదో ఫోన్లోనే అడగండి.