ఎర్ర చారల ఓడ అమ్మెటోని దగ్గర కొనకుండ్రి

స్పేస్ ఇంజినీర్స్, గదే అంతరిక్షంల ఓడలు కట్టుకునే కంప్యూటర్ గేమ్, ఆడెటోళ్లు జర ఇది చదువుండ్రి. మన గ్రూపులల్ల రెడీమేడ్ యుద్ధనౌకలు అమ్మెటోడు ఎవడో మీకు ఎరికే, పేరు రాస్తలేను. మొన్న వానికి 1,800 రూపాయలు ఫోన్‌పే చేసిన. నక్కలగుట్టల పిల్లలకు ట్యూషన్ చెప్పిన పైసలవి.

వీడియోల ఓడ మస్తు కనవడ్డది. నల్లటి ఒళ్లు, పక్కలకు ఎర్ర చారలు, పైన వరుసగ 14 గాట్లింగ్ టరెట్లు, అంటే వాటంతటవే తిరిగి కాల్చే తుపాకులు. అన్నీ ఒక్కసారే తిరిగి పేలుస్తుంటే కండ్లు చెదిరినయ్. కిందిభాగం గూడ చూపియ్యమని అడగాలె కద, అడగలే. ఆ తప్పు నాదే.

నిన్న రాత్రి మా సర్వర్ల ఖాజీపేట దోస్తుతోని యుద్ధానికి దిగిన. వాని ఓడ నాదాంట్ల నాలుగో వంతు గూడ ఉండది. సక్కగ నా ఓడ కడుపు కిందికొచ్చి నిలవడ్డడు. 14 టరెట్లల్ల ఒక్కటంటే ఒక్కటి తల తిప్పలే. ఎట్ల తిప్పుతయ్? అన్నీ పైన్నే ఉండె, నడుమ నా ఓడే అడ్డం. 800 మీటర్ల దాక కొట్టే టరెట్లు కాళ్ల కిందున్నోన్ని కొట్టలేకపాయె. ఓడను దొర్లిచ్చి పైభాగం వాని దిక్కు తిప్పిన. కొద్దిసేపు పేలినయ్, ఇగ చల్లవడ్డయ్. ఒక టరెట్ తెరిచి చూస్తే గుండ్లు సున్నా. కార్గో పెట్టెల మాత్రం నిండ ఉన్నయ్. దాన్ని ఊడదీసి చూసిన: కింద కన్వేయర్, అంటే పెట్టెల్లకెల్లి గుండ్లు తెచ్చే గొట్టం, లేనే లేదు, ఉత్త ఆర్మర్ దిమ్మె మీద పెట్టిండు. 14ట్ల 12 గట్లనే ఉన్నయ్.

స్క్రీన్‌షాట్లు తీసి వానికి పంపిన. "అన్నా, కన్వేయర్ లేకుంటే గుండ్లు ఎట్లొస్తయ్, జర సరిచేసి ఇయ్యి" అని మర్యాదగనే అడిగిన. వాడేమన్నడు తెల్సా? "ఓడ మంచిదే తమ్మీ, నీకే ఆడ రాదు. పోయి క్యాండీ క్రష్ ఆడుకో." నేను జవాబు రాసేలోపట్నే బ్లాక్ కొట్టిండు. పైసలు పోయినదానికంటె ఆ మాటే ఎక్కువ కాలుతున్నది. నాలుగేండ్ల సంది ఆడుతున్న నేను.

నిద్ర పట్టక స్టీమ్ వర్క్‌షాప్ (గేములమ్మే స్టీమ్‌ల ఆడెటోళ్లు తాము చేసినవి పంచుకునే జాగ) తిరగేస్తే అదే ఓడ దొరికింది, ఉత్తగనే. గవే ఎర్ర చారలు. కాని అసలు చేసినాయన కడుపు కింద ఆరు టరెట్లు పెట్టిండు, ఒక్కోదానికి గొట్టం కలిపిండు. మనోడు అవన్నీ పీకి, వీడియోల ఒక్కకాడ కనవడాలని పైకి ఎక్కిచ్చిండు. ఒక మనిషి కష్టపడి చేసినదాన్ని ఖరాబు చేసి అమ్ముకున్నడు.

స్టీమ్‌ల గేమ్ కొంటే 14 రోజుల్ల, 2 గంటల లోపు ఆడితే, వాపస్ అడగొచ్చు. బయటోనికి ఫోన్‌పే కొడితే ఆ దారి లేదు. పొద్దుగాల సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయిచ్చిన, లావాదేవీ నంబరు అడిగిండ్రు. మీరు గూడ మోసపోతే అది దాచిపెట్టుకోండ్రి. ఏ ఓడైనా ముందు వర్క్‌షాప్‌ల వెతకండ్రి, క్రియేటివ్‌ల (సామాను ఖర్చు లేకుండ కట్టుకునే మోడ్) దించి కడుపు కింది నుంచి చూడుండ్రి.

వాడు ఇయ్యాల కొత్త పేరుతోని గదే వీడియో మళ్ల పెట్టిండు. ఇప్పుడు 2,200 అంటున్నడు.