తోడికోడళ్ళం ఇద్దరం వైజాగ్ నుంచి చెన్నైకి టెన్నిస్ డబుల్స్ ఫైనల్ చూడ్డానికి వెళ్ళొచ్చిన కథ

ముందే చెప్పేస్తాను, మేం పెద్ద ఆటగాళ్ళం ఏమీ కాదు. ఎంవీపీ కాలనీలో ఒకే ఇంట్లో పై వాటాలో నేను, కింది వాటాలో మా తోడికోడలు. పొద్దున్నే అయిదున్నరకి రాకెట్లు పట్టుకుని కోర్టుకి పోతాం, డబుల్స్ మాత్రమే ఆడతాం, సింగిల్స్ ఆడే మోకాళ్ళు మా ఇద్దరికీ లేవు మరి. 2022 సెప్టెంబరులో చెన్నైలో డబ్ల్యూటీఏ (ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టోర్నీ అని పేపర్లో చూసినప్పుడు కూడా మా ధ్యాసంతా డబుల్స్ మీదే.

ఇలాంటిది హైదరాబాద్‌లో 2003 నుంచి 2005 దాకా జరిగింది. 2004లో సానియా మీర్జా లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది, మరుసటేడు సింగిల్స్ కూడా కొట్టింది. అప్పుడు మా పిల్లలు చంకలో ఉన్నారు, టీవీలో చూడ్డానికే తీరిక లేదు, ఇంక హైదరాబాద్ ఎక్కడ వెళ్తాం. 2008లో బెంగళూరు తర్వాత ఆ స్థాయి ఆడవాళ్ళ టోర్నీ మన దేశానికి మళ్ళీ రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. "అక్కా, ఇప్పుడూ వెళ్ళకపోతే రాకెట్లు అటకెక్కించేద్దాం" అంది మా తోడికోడలు. అంతే, టికెట్లు తీసేశాం.

రైలు సంగతి. వైజాగ్ నుంచి వెళ్ళేవాళ్ళకి నా ఓటు కోరమాండల్‌కే. తెల్లవారుజామున వస్తుంది, నిద్ర పాడవుతుంది, నిజమే. కానీ మన స్టేషన్లో ఇంజను ఈ చివర విప్పి ఆ చివర తగిలించాలి కదా, కాసేపు ఆగుతుంది, సామానుతో పరిగెత్తక్కర్లేదు, టీ తాగి నింపాదిగా ఎక్కొచ్చు. గోదావరి వంతెన వెలుతురులో కనిపిస్తుంది, సాయంత్రానికల్లా సెంట్రల్‌లో దింపేస్తుంది. హౌరా మెయిల్ అయితే ఇంకా తెల్లారకుండానే దింపుతుంది, ఆ వేళప్పుడు ఇద్దరు ఆడవాళ్ళం గది తాళం కోసం ఎవర్ని నిద్ర లేపాలి?

సెంట్రల్ బయట ఆటోవాళ్ళు స్టేడియం ఉన్న నుంగంబాక్కానికి మూడు వందల యాభై అడిగారు. అక్కర్లేదండీ, రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, తాంబరం వైపు లోకల్ ఎక్కితే ఎగ్మోర్, చెట్‌పెట్, ఆ తర్వాత నుంగంబాక్కమే. మేం దిగాల్సింది ఎగ్మోర్‌లో, గది అక్కడే తీసుకున్నాం కాబట్టి.

గది విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. లాడ్జి పేరు చెప్పను. ఫోన్లో ఫొటో చూస్తే బాల్కనీ, దానికో తెల్ల కర్టెన్. తీరా వెళ్ళి కర్టెన్ తీస్తే మూరెడు దూరంలో పక్క బిల్డింగ్ గోడ, దాని మీద ఏసీ నీళ్ళు కారి పట్టిన పాచి. గీజర్ ఉంది, పనిచేయదు. వేడినీళ్ళు కావాలంటే ఆరింటికల్లా బకెట్ పట్టుకుని కిందికి రమ్మన్నారు. మా అదృష్టం కొద్దీ కౌంటర్ దగ్గర కుర్రాడు నెల్లూరువాడు, మేం తెలుగులో గొణుక్కోవడం విని, "వదినా, మూడో అంతస్తులో ఒకటి ఖాళీ అవతా ఉంది, రాత్రికి మార్చేస్తా" అన్నాడు. మార్చాడు కూడా, ఆ అబ్బాయికి మాడుగుల హల్వా డబ్బాలో సగం ఇచ్చేశాం. అయినా చెప్తున్నాను, మ్యాచ్ కోసం వెళ్ళేవాళ్ళు ఓ వెయ్యి ఎక్కువైనా నుంగంబాక్కంలోనే దిగండి. టిఫిన్లకీ రైళ్ళకీ ఎగ్మోర్ బాగానే ఉంటుంది గానీ ఆట అయ్యేసరికి రాత్రవుతుంది, ఆ టైంలో క్యాబ్ బుక్ చేస్తే రెండుసార్లు క్యాన్సిల్, మూడోవాడు వచ్చి యాప్‌లో చూపించినదానికి ఇంకో వంద వేయమన్నాడు. టీ నగర్‌లో గది వద్దే వద్దు, అక్కడ చీరలు కొనుక్కోవాలి, నిద్రపోకూడదు. మాంబళం స్టేషన్ మెట్లు దిగితే నేరుగా రంగనాథన్ వీధిలో పడతాం, శనివారం పొద్దున మా చేతిలో డబ్బులు అయిపోయింది అక్కడే.

తిండి సంగతికొస్తే ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ ఒక్కటే చెప్తాను. ఇడ్లీ మీద సాంబారు పోయడం కాదు, సాంబారులో ఇడ్లీని ముంచేస్తారు. నాకు తెగ నచ్చింది. మా తోడికోడలికి అల్లప్పచ్చడి లేని ఇడ్లీ ఇడ్లీయే కాదట, మొహం ముడుచుకుని తింది.

ఇక ఆట. స్టేడియం 1995 శాఫ్ (దక్షిణాసియా) క్రీడలకి కట్టింది, ఆరు వేల మంది దాకా పడతారు. అంటే ఎక్కడ కూర్చున్నా బంతి కనిపిస్తుంది, మన పోతినమల్లయ్యపాలెం క్రికెట్ స్టేడియంలోలాగా చీమల్ని చూస్తున్నట్టు ఉండదు. డబుల్స్ చూడాలంటే పక్క స్టాండ్ ఖరీదైన టికెట్ కన్నా బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక కాస్త ఎత్తున ఉన్న సీటే మేలు. డబుల్స్‌కి కోర్టు అటూ ఇటూ నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగుతుంది, ఆ పక్క సందుల్లోకి బంతి ఎలా జారుస్తున్నారో వెనకనుంచే తెలుస్తుంది. పక్కనుంచి చూస్తే మెడ నొప్పి తప్ప ఏం లేదు.

సెప్టెంబరు 18, ఆదివారం. ఒకవైపు కెనడా గాబ్రియేలా డబ్రోవ్‌స్కీ, బ్రెజిల్ లూయిసా స్టెఫానీ. అటువైపు అనా బ్లింకోవా, నటేలా జలమీద్జే. స్టెఫానీ గురించి తెలిస్తే ఆ మ్యాచ్ వేరేగా కనిపిస్తుంది. 2021 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో, ఇదే డబ్రోవ్‌స్కీతో ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంపుకుంది, వీల్‌చైర్‌లో బయటికి తీసుకెళ్ళారు. ఏడాది తర్వాత మళ్ళీ కోర్టులోకి దిగిన మొదటి టోర్నీ ఇదే, పక్కన అదే జోడీ. మోకాళ్ళ బాధ తెలిసినవాళ్ళం కదా, ఆ అమ్మాయి వాలీకి, అంటే బంతి నేల తాకకముందే కొట్టడానికి, ముందుకి దూకిన ప్రతిసారీ మా గుండె జారింది.

నేను బంతిని వదిలేసి చేతుల్ని చూశాను. నెట్ దగ్గర నిలబడ్డ అమ్మాయి సర్వ్‌కి ముందు చేయి వెనక్కి పెట్టి నడుం దగ్గర వేళ్ళతో సైగ చేస్తుంది. పిడికిలి అంటే ఇక్కడే ఉంటా, అరచేయి విప్పితే అటు దూకుతా అని, చాలామంది వాడే గుర్తు. వెనకున్నామె సరే అని చెప్పి సర్వ్ కొడుతుంది. అర క్షణంలో ఇద్దరూ స్థానాలు మారిపోయి ఉంటారు, అటువాళ్ళు కొట్టిన బంతి వెళ్ళి సరిగ్గా రాకెట్ మీద పడుతుంది. టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది, ఇదంతా కనపడదు. పాయింటు పోయినా వచ్చినా ఇద్దరూ దగ్గరికొచ్చి చేయి తట్టుకోవాల్సిందే. మేమైతే పాయింటు పోతే ఒకరి మొహం ఒకరం చూసుకోం.

ఇంకో మాట, ఇలాంటి టోర్నీల డబుల్స్‌లో 40-40 అయితే సాగదీత ఉండదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది, సర్వ్ ఎవరు తీసుకోవాలో అవతలి జంట ఇష్టం. చెరో సెట్ గెలిస్తే మూడో సెట్‌కి బదులు పది పాయింట్ల టైబ్రేక్. ఆ టెన్షన్ చూద్దామని వెళ్ళాం గానీ ఫైనల్ అంతదాకా రాలేదు, 6-1, 6-2తో డబ్రోవ్‌స్కీ, స్టెఫానీ ఊడ్చేశారు. అంత దూరం వెళ్ళి ఇంత తొందరగా అయిపోయిందే అని ఒక బాధ. తర్వాత సింగిల్స్‌లో పదిహేడేళ్ళ లిండా ఫ్రూవర్తోవా మొదటి సెట్ పోగొట్టుకుని కూడా మాగ్డా లినెట్‌ని ఓడించింది, అది బాగుంది. మా వరుసలో సగం మంది దానికోసమే వచ్చి కూర్చున్నారు, డబుల్స్ అప్పుడు ఆ సీట్లు ఖాళీయే. ఒళ్ళు మండింది.

తర్వాతి జనవరిలో ఏమైందో తెలుసుగా? ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్, సానియా ఆడిన చివరి గ్రాండ్‌స్లామ్ మ్యాచ్. రోహన్ బోపన్నతో కలిసి ఓడిపోయింది. ఓడించింది రఫాయెల్ మాటోస్, స్టెఫానీ. మేం గొంతు చించుకుని ప్రోత్సహించిన పిల్లే! రెండు రోజులు మా ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వలేదు మా తోడికోడలు.

2025 అక్టోబరు ఆఖర్లో చెన్నైలో మళ్ళీ టోర్నీ అన్నారు. ఈసారి నుంగంబాక్కంలోనే గది తీసుకున్నాం, మొదటి రౌండ్ నుంచి చూద్దామని వారానికి బట్టలు సర్దుకున్నాం. అదే వారం మొంథా తుఫాను. రైళ్ళు రద్దు, కరెంటు లేదు, బీచ్ వైపు పోవద్దని మైకుల్లో హెచ్చరికలు, సముద్రం హోరు రాత్రంతా డాబా మీదికి వినిపించింది. రైలు డబ్బులు వెనక్కొచ్చాయి, గది డబ్బులు రాలేదు.

కోర్టు ఆరాక మళ్ళీ ఆడుతున్నాం. సైగలు కూడా మొదలుపెట్టాం, నిన్న ఆవిడ చేయి వెనక్కి పెట్టి పిడికిలి చూపించింది, సరే కదలదులే అని నేను సర్వ్ కొట్టాను, తీరా చూస్తే అటు దూకేసింది, బంతి ఖాళీ సందులోంచి పోయింది. ఏమిటే ఇది అంటే, "పిడికిలి కాదక్కా, వేలికి ఉంగరం జారిపోతుంటే పట్టుకున్నా" అంది.