మల్టీలెవెల్ కార్ పార్కింగ్: ఏళ్ల తరబడి వాడాక తేలిన మంచిచెడులు

కారు నిలిపే గడి మామూలుగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. అంటే 12.5 చదరపు మీటర్లు. మధ్యలో 6 మీటర్ల దారి, ర్యాంపులు, మెట్లు, లిఫ్టు కలిపితే ఒక్కో కారుకు 25 నుంచి 32 చదరపు మీటర్ల దాకా పోతుంది. 300 కార్లకు సుమారు 9,000 చదరపు మీటర్ల స్లాబు! ఊరి నడిబొడ్డున ఇంత చోటు తీసుకుని, కార్లు తప్ప మరి దేనికీ పనికిరాకుండా కట్టేయడమే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం.

వాడకంలో మొదట తగిలేది పిల్లర్. అది దారి అంచునే ఉంటే గడిలోకి తిప్పేటప్పుడు వెనక తలుపు రాసుకుంటుంది. మీటరు దాకా లోపలికి జరిపితే తిప్పడం తేలిక, తలుపులూ తెరుచుకుంటాయి. మోకాలి ఎత్తున పిల్లర్ మీద రంగురంగుల గీతలు కనిపించాయంటే అది ఉండకూడని చోట ఉందన్నమాటే.

ర్యాంపు వాలు 1:10, అంటే పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఉంటే కారు హాయిగా ఎక్కుతుంది. 1:8 చేస్తే పై కొసన, కింది కొసన 3 మీటర్ల మేర సగం వాలు ఇవ్వాలి, లేకపోతే కారు అడుగు గీసుకుంటుంది. డబ్బులు గేటు దగ్గర కాక లిఫ్టు పక్కనే కట్టించుకుంటే సాయంత్రం క్యూ చాలావరకు తగ్గుతుంది.

ఎక్కువగా పట్టించుకోనిది నీళ్ల సంగతి. స్లాబుల మధ్య అతుకుల్లో రబ్బరు పట్టీ చినిగితే వాన నీరు కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని బానెట్ మీద చుక్కలుగా పడుతుంది. ఎండితే తెల్లటి మరక, గుడ్డతో తుడిస్తే రాదు. పలచని వెనిగర్‌తో కాసేపు తడిపి వెంటనే మంచినీళ్లతో కడగాలి. ఆలస్యమైతే పెయింటు దెబ్బతింటుంది. కారు సంగతి అలా ఉంచండి, ఆ నీరే లోపలి ఇనుప చువ్వలకూ తుప్పు పట్టిస్తుంది. పైన తెల్లటి చార కనిపించగానే అతుకు బాగు చేయించాలి.

పక్కలు తెరిచి ఉన్నాయి కదా అని, మంట వస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు మానేయకూడదు. 2017 చివరి రోజున లివర్‌పూల్‌లో అవి లేని ఒక పార్కింగ్‌లో మంట అంటుకుని సుమారు 1,400 వాహనాలు కాలిపోయాయి.

ఊళ్ల తీరు మారుతోంది. మెక్సికో సిటీ 2017లో కొత్త భవనాలకు కనీసం ఇన్ని గడులు ఉండాలన్న నియమం తీసేసి, ఇంతకు మించకూడదన్న పరిమితి పెట్టింది. లండన్‌లోని పెక్కామ్‌లో ఒక పాత పార్కింగ్ అంతస్తులు స్టూడియోలు, తినుబండారాల చోట్లుగా మారాయి. అలా మారాలంటే నేల చదునుగా ఉండాలి. నీళ్లు పోవడానికి 1 నుంచి 1.5 శాతం వాలు చాలు. వాలు నేల మీదే గడులు గీసిన కట్టడాన్ని తర్వాత ఏం చేసుకోలేం. చాలా పార్కింగుల్లో ఎత్తు 2.2 మీటర్లే, మనుషులు పనిచేయాలంటే 3 మీటర్లు కావాలి. కార్లకు చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్ల (సుమారు 250 కిలోల) బరువు లెక్క వేస్తారు, దుకాణాలకు 4 కావాలి. కనీసం కింది అంతస్తుకైనా ఈ లెక్క మొదటే పెట్టుకుని రోడ్డు వైపు దుకాణాలు ఇస్తే, ఫుట్‌పాత్ పొడవునా మూసిన గోడ ఉండదు, రాత్రిళ్లు నడిచేవాళ్లకు వెలుగు ఉంటుంది. ర్యాంపును మాత్రం ఒక పక్కకు విడిగా కట్టించాలి, దాన్ని కూల్చినా మిగతా స్లాబులు కదలకూడదు.